టోల్ పెడితే జనం బయల్దేరే వేళ మారుతుందా?

ప్రశ్న ఇది: ఒక వంతెన మీద రోజంతా ఒకే టోల్ ఉంది, అయినా ఉదయం జామ్ తగ్గలేదు. ఆ టోల్‌నే రెట్టింపు చేస్తే జనం వేళ మార్చుకుంటారా, లేక రద్దీ వేళకు మాత్రమే ఎక్కువ వసూలు చేయాలా? అలా చేస్తే అందరూ పనికి ఆలస్యంగా చేరతారా?

రోజంతా ఒకే రేటున్న టోల్ ఎన్ని బళ్లు వస్తాయన్నదాన్ని మారుస్తుంది గానీ, ఎప్పుడు వస్తాయన్నదాన్ని దాదాపు మార్చదు. ఏడింటికి వెళ్లినా తొమ్మిదింటికి వెళ్లినా అంతే డబ్బు పోయేటప్పుడు వేళ మార్చుకోవడానికి ఎవరికైనా కారణమేముంది? వేళ మారాలంటే రేటు గడియారంతో పాటు కదలాలి. ఎంత కదలాలో తెలియాలంటే, టోల్ లేనప్పుడు జనం వేళను ఎలా ఎంచుకుంటున్నారో ముందు చూడాలి. అప్పుడు కూడా వాళ్లు ధర కడుతూనే ఉన్నారు, కాకపోతే నిమిషాల్లో.

ఈ లెక్కకు పునాది వేసింది విలియం విక్రీ అనే ఆర్థికవేత్త, 1969లో. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. ఆయన చూపించినదేమిటంటే, ఇంట్లోంచి బయల్దేరే మనిషి మూడు బరువులు తూస్తాడు: దారిలో పోయే సమయం, మరీ ముందుగా చేరి వృథాగా గడిపే సమయం, ఆలస్యంగా చేరడం వల్ల కలిగే నష్టం. ఈ మూడూ సమానం కావు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల మీద ఆర్థికవేత్త కెన్నెత్ స్మాల్ 1982లో వేసిన అంచనాలో, ఒక నిమిషం ముందుగా చేరడం సుమారు 0.6 నిమిషం ప్రయాణమంత భారం, ఒక నిమిషం ఆలస్యం సుమారు 2.4 నిమిషాల ప్రయాణమంత భారం. ఊరు మారితే అంకెలు మారతాయి గానీ వరస మారదు: ముందుగా చేరడం చవక, దారిలో ఉండటం అంతకంటే ఖరీదు, ఆలస్యం అన్నిటికంటే ఖరీదు.

లెక్క తేలిగ్గా సాగడానికి ఆ రెండు అంకెల్నీ సగం, రెండు అని పెట్టుకుందాం. వంతెన గంటకు 3000 బళ్లను పంపగలదు. ఉదయం 6000 బళ్లు వస్తాయి, అందరికీ 9:00కే పని మొదలు. ఖాళీ రోడ్డు మీద పట్టే సమయం ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాన్ని పక్కన పెడదాం. 6000 బళ్లు దాటడానికి రెండు గంటలు పట్టక తప్పదు. ఎవరికీ ఇంకో వేళ అంతకంటే లాభంగా కనిపించని స్థితికి జనం రోజులు గడిచేకొద్దీ సర్దుకుంటారు. ఆ స్థితిలో రద్దీ 7:24కి మొదలై 9:24కి ముగుస్తుంది. అందరికంటే ముందు దాటినవాడికి క్యూ ఉండదు, కానీ 96 నిమిషాలు ముందుగా చేరతాడు. దాని బరువు అందులో సగం, 48. చివర దాటినవాడికీ క్యూ ఉండదు, కానీ 24 నిమిషాలు ఆలస్యమవుతాడు. దాని బరువు రెట్టింపు, అదీ 48. సరిగ్గా 9:00కి చేరాలనుకునేవాడు 8:12కే బయల్దేరి 48 నిమిషాలు క్యూలో ఉంటాడు. ముగ్గురి భారమూ ఒకటే. జామ్ ఇంత మొండిగా ఉండటానికి కారణం ఇదే: ఒక్కడు వేళ మార్చుకుంటే వాడికి ఏమీ కలిసిరాదు.

బళ్లు ఎప్పుడు బయల్దేరుతున్నాయో చూడండి. 7:24 నుంచి 8:12 దాకా గంటకు 6000 చొప్పున, అంటే వంతెన పంపగలిగే దానికి రెట్టింపు వేగంతో వచ్చిపడతాయి. ఆ 48 నిమిషాల్లో 4800 బళ్లు వస్తే 2400 మాత్రమే దాటుతాయి, తక్కిన 2400 బారులో మిగులుతాయి. 8:12 తర్వాత గంటకు 1000 చొప్పున మాత్రమే వస్తాయి, బారు మెల్లగా కరుగుతుంది. రద్దీ మొదట్లో ఉప్పెనలా వచ్చి ఆఖర్న సన్నగా సాగడానికి మూలం ఆలస్యం మీద ఉండే ఈ భయమే.

ఇప్పుడు టోల్‌ని ఇదే ఆకారంలో పెడితే ఏమవుతుంది? 7:24కి సున్నాతో మొదలుపెట్టి ప్రతి రెండు నిమిషాలకు ఒక నిమిషం విలువ చొప్పున పెంచుతూ 9:00కి 48 నిమిషాల విలువకు చేర్చాలి. అక్కడి నుంచి నిటారుగా దించి 9:24కి మళ్లీ సున్నా చేయాలి. ఒక మనిషి గంట విలువ 120 అనుకుంటే, కరెన్సీ ఏదైనా, 9:00 నాటి టోల్ 96 అవుతుంది. ఈ టోల్ కింద క్యూ కట్టినవాడికి టోల్ భారమూ క్యూ భారమూ రెండూ పడతాయి కాబట్టి జనం వంతెన పంపగలిగే వేగంతోనే, గంటకు 3000 చొప్పున బయల్దేరతారు. 9:00కి చేరేవాడు 8:12కి లేచి పరిగెత్తనక్కర్లేదు, ఖాళీ రోడ్డుకు పట్టే సమయం మాత్రం ఉంచుకుని బయల్దేరితే చాలు.

అందుకే, అందరూ పనికి ఆలస్యంగా చేరతారా అన్న మూడో ప్రశ్నకు జవాబు: చేరరు. సరిగ్గా కట్టిన టోల్ పనికి చేరే వేళల్ని కదపదు. అప్పుడూ వంతెన 7:24 నుంచి 9:24 దాకా నిండుగానే పనిచేసింది, ఇప్పుడూ అంతే. మారేది ఇంట్లోంచి బయల్దేరే వేళ. చాలామంది తడబడేది ఇక్కడే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పై లెక్కలో ప్రయాణికుడి భారం తగ్గలేదు, ముందు 48 నిమిషాలు ఇచ్చేవాడు, ఇప్పుడు అంత విలువ డబ్బు ఇస్తున్నాడు. తేడా ఏమిటంటే, క్యూలో కాలిపోయిన నిమిషాలు ఎవరికీ దక్కవు, డబ్బు ఎక్కడో చేరుతుంది. అది బస్సుల రూపంలోనో, వేరే పన్ను తగ్గింపుగానో తిరిగి రాకపోతే ఆ వంతెన దాటేవాళ్లు కోపగించుకోవడం న్యాయమే. ఒక లాభం మాత్రం వెంటనే కనిపిస్తుంది: క్యూ కట్టాక వంతెన నోటి దగ్గర బళ్లు దాటే వేగం కొన్ని శాతం, ఒక్కోచోట పది శాతానికి పైగా పడిపోతుంది. క్యూ కట్టకుండా ఆపితే ఆ సామర్థ్యం తిరిగి దక్కుతుంది.

రోజంతా ఒకే టోల్‌ని రెట్టింపు చేస్తే? పదో వంతు బళ్లు మానేశాయనుకుందాం. 5400 బళ్లకు రద్దీ 108 నిమిషాలు, క్యూ గరిష్ఠంగా 43 నిమిషాలు. 48 పోయి 43 వచ్చింది, అంతే. వంతెనని వెడల్పు చేసి గంటకు 4000 పంపినా 36 నిమిషాల క్యూ మిగులుతుంది, ఎందుకంటే అంతకుముందు జామ్‌కి భయపడి ఏడున్నరకే వెళ్లినవాళ్లు తమకు నచ్చిన వేళకు తిరిగొస్తారు. దీనికి ఆంథనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే సూత్రం చెప్పాడు: వేరే వేళ నుంచి, వేరే దారి నుంచి, బస్సు రైళ్ల నుంచి జనం ఖాళీ అయిన రోడ్డు మీదికి తిరిగి చేరతారు. లండన్ 2003 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన రుసుము రోజుకు 5 పౌండ్లు, ఉదయం 7:00 నుంచి సాయంత్రం 6:30 దాకా ఎప్పుడు వచ్చినా ఒకటే. అది బళ్ల సంఖ్య తగ్గించే పనిముట్టు, వేళ మార్చేది కాదు. న్యూయార్క్ 2025 జనవరి 5న మొదలుపెట్టిన దాంట్లో పగటికి 9 డాలర్లు, రాత్రికి 2.25 డాలర్లు. కానీ పని రోజుల్లో పగలంటే ఉదయం 5 నుంచి రాత్రి 9 దాకా. ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్లేవాడు ఆ తగ్గింపు కోసం తెల్లవారకముందే లేవడు.

గడియారంతో మారే రేటుకు ఎక్కువ పాఠాలు నేర్పింది సింగపూర్. 1975 జూన్‌లో నగర కేంద్రంలోకి వెళ్లే కార్లకు ఉదయం 7:30 నుంచి 9:30 దాకా 3 సింగపూర్ డాలర్ల లైసెన్సు పెట్టారు. ఆ గంటల్లో ట్రాఫిక్ బాగా పడిపోయింది, కానీ 9:30 దాటగానే బళ్లు గుంపుగా లోపలికి తోసుకొచ్చాయి. రెండు నెలలకే గడువును 10:15కి జరపాల్సి వచ్చింది. సాయంత్రం రద్దీ దానంతటదే తగ్గుతుందని ఆశించారు, తగ్గలేదు. 1989లో సాయంత్రానికి కూడా రుసుము పెట్టారు. 1998లో గ్యాంట్రీల (రోడ్డుకు అడ్డంగా పైన కట్టిన చట్రాల) కింద వెళ్తుంటే బండిలోని పరికరంలోంచి డబ్బు కోసుకునే పద్ధతి వచ్చింది, రేటు అరగంటకోసారి మారుతుంది. అరగంట మెట్టులోనూ అదే జబ్బు చిన్న రూపంలో కనిపించింది: రేటు పెరగబోతుంటే వేగం పెంచేవాళ్లు, తగ్గబోతుంటే గ్యాంట్రీకి ముందు నత్తనడక నడిచేవాళ్లు. 2003 ఫిబ్రవరి నుంచి మెట్టు మారే మొదటి ఐదు నిమిషాలకు మధ్యస్థ రేటు పెట్టి దాన్ని నునుపు చేశారు.

దీంట్లోంచి తీసుకోవాల్సింది, రేటు మెట్టు ఎంత ఎత్తుంటే దాని అంచు దగ్గర గుంపు అంత పెద్దదవుతుంది. ఐదు నిమిషాలు ఆగితే ఎంత మిగులుతుందో డ్రైవరు లెక్కేస్తాడు. ఆ మిగులు అతని ఐదు నిమిషాల విలువ కంటే ఎక్కువైతే ఆగుతాడు, రోడ్డు పక్కన ఆపైనా సరే. అందుకని ఒక్క మెట్టు ఎత్తు పది నిమిషాల విలువను దాటనివ్వకండి. పై ఉదాహరణలో 48 నిమిషాల విలువకు ఎక్కాలంటే కనీసం ఐదు మెట్లు, ఇరవై నిమిషాలకొకటి. రెండు మెట్లతో సరిపెట్టేద్దామనే ఆలోచన ప్రతి చోటా వస్తుంది, అది రద్దీని మెట్టు అంచుకు జరపడమే అవుతుంది.

రేటును కచ్చితంగా మొదటిసారే కట్టడం ఎవరివల్లా కాదు. సింగపూర్ పద్ధతి వేగాన్ని చూసి సర్దడం: ఎక్స్‌ప్రెస్‌వేల మీద గంటకు 45 నుంచి 65 కిలోమీటర్లు, నగరంలోని పెద్ద రోడ్ల మీద 20 నుంచి 30. వేగం అంతకంటే తగ్గితే ఆ అరగంట రేటు పెంచుతారు, అంతకంటే పెరిగితే తగ్గిస్తారు. తగ్గించడం కూడా నియమంలో రాసి ఉండటం ముఖ్యం. అది లేకపోతే జనం దీన్ని వసూలు కిందే చూస్తారు.

పెంచడానికి బదులు తగ్గింపు ఇస్తే? ఫ్లోరిడాలోని లీ కౌంటీలో 1998 ఆగస్టు నుంచి రెండు వంతెనల మీద, రద్దీకి కాస్త ముందూ వెనకా (ఉదయం 6:30 నుంచి 7:00, 9:00 నుంచి 11:00, మధ్యాహ్నం 2:00 నుంచి 4:00, సాయంత్రం 6:30 నుంచి 7:00) టోల్ సగానికి తగ్గించారు. తగ్గింపు గడియల్ని రద్దీ అంచుకు ఆనించి పెట్టడం ఇందులోని తెలివి. పావుగంట జరగడానికి చాలామంది ఒప్పుకుంటారు, రెండు గంటలు జరగడానికి ఒప్పుకోరు. నెదర్లాండ్స్‌లో 2006లో జూటర్‌మేర్ నుంచి హేగ్ వెళ్లే దారిలో 340 మంది మీద జరిగిన ప్రయోగంలో, 7:30, 9:30 మధ్య కారు తీయని రోజుకు 3 నుంచి 7 యూరోలు ఇచ్చారు. ఆ వేళలో వాళ్ల ప్రయాణాలు సుమారు సగానికి పడిపోయాయి, ఎక్కువమంది ఇంకా పెందలాడే బయల్దేరారు. ప్రోత్సాహం ఆగాక పాత వేళలకే వెళ్లిపోయారు. స్టాక్‌హోమ్‌లోనూ ఇలాగే: 2006 జనవరి నుంచి జూలై దాకా జరిగిన పరీక్షలో రుసుము సరిహద్దు దాటే ట్రాఫిక్ సుమారు ఐదో వంతు తగ్గింది, ఆపగానే చాలావరకు తిరిగొచ్చింది, 2007 ఆగస్టులో శాశ్వతంగా పెట్టాక మళ్లీ తగ్గింది. కొన్నాళ్లు టోల్ పెడితే అలవాటు నిలిచిపోతుందన్న నమ్మకంతో బడ్జెట్ వేయకండి.

రేటు ముందే అచ్చైన పట్టికలో ఉండాలా, అప్పటికప్పటి రద్దీని బట్టి మారాలా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. వేళ మార్చడమే లక్ష్యమైతే పట్టికే. బయల్దేరే వేళను మనిషి ముందురోజు రాత్రో, వారం మొత్తానికో నిర్ణయించుకుంటాడు. అమెరికాలో శాన్‌డియాగోలోని ఐ-15 హైవే మీద 1998 నుంచి ప్రతి ఆరు నిమిషాలకూ మారిన టోల్ లాంటిది రోడ్డు మీద బోర్డు చూశాక తెలుస్తుంది, అప్పటికి వేళ దాటిపోయి ఉంటుంది. అది టోల్ లేన్‌లోకి వెళ్లాలా, ఉచిత లేన్‌లో ఉండాలా అన్న నిర్ణయానికి పనికొస్తుంది. మిన్నెసోటాలో అయితే టోల్ ఎక్కువ చూపినప్పుడు ఆ లేన్‌లోకి వెళ్లేవాళ్లు పెరిగారు, ఎందుకంటే ఆ రేటును ముందున్న దారిలో జామ్ ఉందనడానికి గుర్తుగా చదువుకున్నారు.

పైగా ట్యాగ్‌లోంచి డబ్బు దానంతటదే పోతుంటే ఎంత పోతోందో మనిషికి గుర్తుండదు. వేళను బట్టి రేటు పెట్టాక, ప్రతి దాటుడుకూ వేళ, రేటు, ఇరవై నిమిషాలు ముందు దాటి ఉంటే పడే రేటు మూడూ ఫోన్ సందేశంలో పంపండి. చేత్తో నోట్లు తీసుకునే గేట్లు ఇంకా ఉంటే మాత్రం ఇవన్నీ తర్వాత. ఆపి డబ్బు తీసుకునే లేన్ గంటకు 300 నుంచి 400 బళ్లనే పంపుతుంది, ఆపని లేన్ 2000 దాకా పంపుతుంది. గేటే ఇరుకైతే మీరు కొలుస్తున్నది వంతెన రద్దీ కాదు, గేటు రద్దీ.

వేళ మార్చుకోలేనివాళ్లు ఎవరో ముందే పట్టుకోవాలి. షిఫ్టు పనివాళ్లు, పిల్లల్ని బడిలో దించేవాళ్లు, ఇంటింటికీ తిరిగి పనిచేసేవాళ్లు. వీళ్లకు ఆలస్యం భారం అందరికంటే ఎక్కువ, చేతిలో డబ్బు తరచూ తక్కువ. ఈ మాట తేలిగ్గా దాటేయకూడదు. ఉదయం ఆరింటి షిఫ్టుకు వెళ్లేవాడికి రద్దీ రేటు ఎలాగూ తగలదు, కానీ ఎనిమిదింటి షిఫ్టువాడికి పూర్తిగా తగులుతుంది. వాళ్లు వెళ్లే దారిలో బస్సు ముందు పెరగాలి, టోల్ తర్వాత రావాలి. సరుకు లారీల సంగతి వేరు: లారీ ఎప్పుడు రావాలో డ్రైవరు కాదు, సరుకు దించుకునే దుకాణం నిర్ణయిస్తుంది. న్యూయార్క్ వంతెనల మీద 2001లో వేళను బట్టి టోల్ పెట్టాక రవాణా సంస్థల్లో వేళ మార్చుకున్నవి కొద్దే. రాత్రిపూట సరుకు దించుకునే దుకాణాలకు ప్రోత్సాహం ఇస్తేనే లారీలు కదిలాయి.

టోల్ జోలికి పోకుండా పని వేళల్నే జరపడం కూడా ఉంది. పై 6000 మందిలో సగం మందికి పని 10:00కి మొదలైతే, మొదటి గుంపు రద్దీ 8:12 నుంచి 9:12, రెండోది 9:12 నుంచి 10:12. ఒకదాన్నొకటి తాకవు, గరిష్ఠ క్యూ 48 నుంచి 24 నిమిషాలకు దిగుతుంది. అదే అరగంట మాత్రమే జరిపితే రెండు రద్దీలూ ఒకదాని మీదొకటి పడి లాభం తగ్గిపోతుంది. ఆ ప్రాంతంలో రెండు మూడు పెద్ద సంస్థలే సగం బళ్లకు కారణమైతే ముందు వాటితో మాట్లాడటం మేలు.

ఈ లెక్కంతా ఒకే ఇరుకు నోరున్న చోటికి: వంతెన, సొరంగం, ఘాట్ రోడ్డు. అల్లుకుపోయిన నగర వీధుల్లో క్యూ ఒక్కచోట ఉండదు, బళ్లు పెరిగేకొద్దీ వేగం కొద్దికొద్దిగా పడుతుంది. బెంగళూరులో సుమారు 500 మంది ప్రయాణికులతో ఆర్థికవేత్త గాబ్రియెల్ క్రైండ్లర్ చేసిన ప్రయోగంలో ఇదే తేలింది: డబ్బు పెడితే జనం వేళ కొంత కదుపుతారు, కానీ దానివల్ల ఊరంతటికీ మిగిలే సమయం చిన్నది. మీది వంతెన కాబట్టి ఆశకు ఎక్కువ చోటుంది.

చివరిగా కొలత. ఇది తప్పితే మంచి టోల్ కూడా విఫలమైనట్టు కనిపిస్తుంది. రద్దీ గంటలో వంతెన మీద ఎన్ని బళ్లు వెళ్లాయో లెక్కపెట్టి తేడా లేదని తేల్చేస్తారు. తేడా పెద్దగా ఉండదు మరి, క్యూ ఉన్నా లేకపోయినా వంతెన గంటకు సుమారు 3000 పంపుతుంది. కొలవాల్సింది బారు తోక ఎక్కడిదాకా ఉందన్నది, వంతెనకు రెండు మూడు కిలోమీటర్ల ముందు నుంచి దాటేదాకా పట్టిన సమయం, అక్కడికి బళ్లు చేరే రేటు, ఐదు నిమిషాలకోసారి. మొదలుపెట్టక ముందు ఆరు వారాలు, తర్వాత మొదటి నెల వదిలేసి మళ్లీ ఆరు వారాలు, సెలవులు లేని మంగళ, బుధ, గురువారాలు మాత్రమే తీసుకోండి. ట్యాగ్ నంబర్లు ఉంటే అదే బండి రెండు కాలాల్లోనూ ఎన్ని గంటలకు వచ్చిందో పోల్చండి. మొత్తం సంఖ్యల్లో వేళ మార్చినవాళ్లనీ దారి మార్చినవాళ్లనీ విడదీయలేం, కాబట్టి పక్క దారి మీదా అవే రోజుల్లో లెక్క పెట్టాలి. రెండు కాలాల్లోనూ వచ్చిన బళ్లలో పది పన్నెండు శాతం ఇరవై నిమిషాలు జరిగాయంటే అది తక్కువని కొట్టిపారేయకండి, ముందు ఆ రోజుల్లో బారు తోక ఎక్కడ ఆగిందో చూడండి.